ఇరవై నాలుగు సున్నాలు

నాలుగేళ్ల డిటెక్టివ్ జీవితంలో శోభ తప్పు మనిషిని ఒక్కసారి కూడా పట్టుకోలేదు. ఈ మాట ఆమె విజిటింగ్ కార్డు మీద ఆమె పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. శంషాబాద్‌లో టైర్ల దుకాణం పైనున్న ఆఫీసు బోర్డు మీదా ఉంటుంది. స్కూటీ వెనక మడ్‌గార్డు మీద కూడా రాయించింది గానీ, వానలకి సగం చెరిగిపోయి "తప్పు మనిషి" అన్నంత వరకే మిగిలింది.

శనివారం పగలు పదకొండుంబావుకి పునాది జీన్ ల్యాబ్ వెనక తలుపులోంచి ఒకతను అటూ ఇటూ చూసుకుంటూ బయటికి వచ్చాడు. తలకి నీలం టోపీ, మూతికి మాస్కు, చేతులకి గ్లవ్స్, చంకలో థర్మకోల్ పెట్టె. శోభ స్టాండు వేయకుండానే దూకింది. స్కూటీ ఒక దిక్కు పడింది, ఆ మనిషి ఇంకో దిక్కు పడ్డాడు. చెయ్యి వెనక్కి మెలిపెట్టి, మోకాలు నడుం మీద ఆనించి, గడియారం చూసుకుంది.

"దొరికినవ్ బిడ్డా! వచ్చిన మూడు సెకన్లల్ల కేసు ఖతం."

"శోభ గారేనాండి?" అన్నాడు ఆ మనిషి, ముక్కు నేలకి ఆనించే. "మీకు ఫోన్ చేసింది నేనేనండి. అరవింద్‌ని. ఈ ల్యాబ్ డైరెక్టర్ని."

"గా పెట్టెల ఏముంది?"

"పెరుగన్నమండి. లోపల తినడానికి పర్మిషన్ లేదు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఎవరూ చూడకుండా కారులో కూర్చుని..."

శోభ ఆయన్ని లేపి నిలబెట్టింది. చొక్కాకి అంటిన మట్టి దులిపింది. ముక్కుకి అంటింది కూడా దులపబోయి మర్యాద కాదని మానుకుంది.

"రిహార్సల్ సార్," అంది. "ఇగ అసలుది చెప్పుండ్రి."

అరవింద్ నడుం పట్టుకుని నడుస్తూనే చెప్పాడు. చుట్టుపక్కల పల్లెల్లో తరతరాలుగా సేద్యం చేసుకుంటున్న కుటుంబాల మీద ల్యాబు ఒక స్టడీ చేస్తోంది. ఏ మందు ఎవరి ఒంట్లో ఎంత త్వరగా కరుగుతుందన్నది వాళ్ల డీఎన్ఏలో చూస్తారు. రక్తం తీయరు. దూది చుట్టిన పుల్లతో బుగ్గ లోపల అర నిమిషం రుద్దుతారు. దూదికి అంటుకున్న కణాల్లోంచి డీఎన్ఏ తీస్తారు. నిన్న, శుక్రవారం, హిమాయత్ సాగర్ వైపున్న ఒక పల్లెలో ఇరవై నాలుగు మంది ఇచ్చారు. ఈ పొద్దున తీసి చూస్తే ఇరవై నాలుగూ సున్నాలు.

"ఒకటీ అరా అయితే ఏదో పొరపాటనుకోవచ్చండి. మిషన్ లెక్క ప్రకారం ఆ ఊళ్లో మనుషులే లేరు."

"మరి ఓట్లెవలేస్తున్నరు సార్?"

అరవింద్ నవ్వలేదు. ఆయన జేబులో ఒక కంప్లయింటు కాగితం మడిచి ఉంది. పుల్లలు తెచ్చిందీ, డీఎన్ఏ తీసిందీ ఒకే అమ్మాయి. పేరు మాధవీలత. అసలు పుల్లల్ని వేరే కంపెనీకి అమ్మేసి, కొత్తవి కవర్లలో పెట్టి సీలు వేసిందని సెక్యూరిటీ ఆఫీసర్ రిపోర్టు రాశాడు. సాయంత్రం ఆరింటిలోగా వేరే కారణం రుజువు కాకపోతే డైరెక్టర్ సంతకం పెట్టాలి. కాగితం పోలీస్ స్టేషన్‌కి పోతుంది, అమ్మాయి ఉద్యోగం పోతుంది.

"రిపోర్టు రాసిన మొనగాడెవరు సార్?"

"నేనే," అని వినిపించింది వెనకనుంచి.

శోభకి తిరిగి చూడక్కర్లేకపోయింది. ఉపేందర్! ఎయిర్‌పోర్టులో పోయిన సామాన్ల కౌంటర్ దగ్గర ఇద్దరూ రెండేళ్లు పక్కపక్కన కూర్చున్నారు. ఆ రెండేళ్లలో జనం పోగొట్టుకున్న సూట్‌కేసులన్నీ దొరికాయి గానీ, వీళ్లిద్దరి మధ్య పోయిన మర్యాద మాత్రం దొరకలేదు.

"నమస్తే ఉపేందరన్నా. మంచిగున్నవా? పోలీసులకు రాసుడు గూడ నేర్చినవంట!"

"నీ లెక్క డైరెక్టర్ను కింద పడేసుడు మాత్రం ఇంక నేర్వలే. కెమెరల చూసిన. మస్తుగ పడేసినవ్."

"ముందుగల్ల నాకు గా పిల్లను సూపియ్యి."

"చూసుకో. మాట్లాడుకో. ఆరు దాక నీదే రాజ్యం. ఆరు దాటితె జీపు నేనే తోల్త."

మాధవీలత ల్యాబు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఇరవై నాలుగేళ్లుంటాయి. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది గానీ, ఒళ్లో ఉన్న నోటు పుస్తకంలో అక్షరాలు మాత్రం కొలబద్ద పెట్టి గీసినట్టున్నాయి.

"టైములు చెప్పు," అంది శోభ ఎదురుగా కూర్చుని.

"పదకొండు పదికి మొదటి పుల్ల అక్కా. పన్నెండు ముప్పై అయిదుకు ఆఖరుది. సత్తెమ్మ పెద్దమ్మోళ్ల ఇంట్ల పెట్టినం క్యాంపు. పుల్లలు తడి మీద కవర్ల పెడితె బూజు పడ్తది. అందుకని నంబర్ల వారిగ అట్టపెట్టె బొక్కలల్ల నిలవెట్టి, వంటింటి కిటికీల ఆరవెట్టిన. పన్నెండు నలభైకి పెద్దమ్మ అన్నానికి పిల్చింది. ఒకటిన్నరకు కవర్లల్ల పెట్టి, సీలేసి, ఒకటి నలభైకి బయల్దేరిన."

"ఈడికి?"

"రెండు ఇరవై అయిదుకు."

"ఇరవై నిమిషాల తొవ్వ గది!" ఉపేందర్ గుమ్మంలోంచే గట్టిగా అన్నాడు. "నడుమ ఇరవై అయిదు నిమిషాలు ఏడికి పోయినయి? పొద్దటి సంది అడుగుతున్న, నోరు విప్పుతలేదు. గాడనే అమ్మింది. గాడనే మార్చింది."

మాధవీలత తల వంచుకుంది. శోభ కుర్చీని ఇంకా దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించింది.

"పోరగాడా?"

"కాదక్కా!"

"మరి?"

"విమానాలు." ఆ మాట ఎంత మెల్లగా వచ్చిందంటే, నోటు పుస్తకంలోని అక్షరాలకి కూడా వినబడి ఉండదు. "ఎయిర్‌పోర్టు గోడ పొంటి బండాపి, దిగేటియి చూసిన. ప్రతి శుక్రవారం చూస్త. డ్యూటీల చూసిన్నని తెలిస్తె ఏమంటరో అని..."

"దినాం నెత్తి మీదికెళ్లి పోతనే ఉంటయి, మళ్ల బండాపి చూసుడేంది?" అన్నాడు ఉపేందర్.

"కిందికెళ్లి చూస్తె పొట్ట ఒక్కటే కనవడ్తది సార్. గాడ నిలవడితె మొకం కనవడ్తది."

శోభ దగ్గర ఇంకో ప్రశ్న ఉంది. "నిన్న ఏం దిగినయ్?"

"రెండుకు రెండు నిమిషాల ముందుగల్ల ఒక పెద్దది. రెండూ ఆరుకు చిన్నది, తోక ఎర్రగుండె. గది దిగినంక బయల్దేరిన."

రెండేళ్లు సామాన్ల కౌంటర్‌లో కూర్చున్న మనిషికి శుక్రవారం మధ్యాహ్నం ఏ విమానం సూట్‌కేసులు ఎప్పుడొచ్చి పడతాయో నిద్రలో లేపి అడిగినా తెలుస్తుంది. శోభ ఉపేందర్ వైపు చూసింది. అతనికీ తెలుసు. అతను పైకప్పు వైపు చూశాడు.

"ఇరవై అయిదు నిమిషాలు దొరికినయ్," అంది శోభ. "ఇగ పుల్లలు సూపియ్యుండ్రి."

ప్రతి పుల్లకీ ఉన్న దూదిలో సగమే కత్తిరించి డీఎన్ఏ తీస్తారు, మిగతా సగం పుల్లతోనే కవర్లో దాస్తారు. ఇరవై నాలుగు కవర్లూ, నిన్నటి అట్టపెట్టే అరవింద్ బల్ల మీద పరిచాడు. శోభ గ్లవ్స్ వేసుకుని తొమ్మిదో నంబరు తీసింది. ఫారం మీద మాధవీలత చేతిరాత: బుచ్చయ్య, అరవై ఎనిమిది ఏళ్లు, తంబాకు నమిలే అలవాటు ఉంది.

బుచ్చయ్య తంబాకు అలవాటు మామూలుది కాదని ఫారం చూస్తేనే తెలుస్తోంది. రోజుకి ఎన్నిసార్లు అన్న గడిలో 'నిద్రలో తప్ప' అని రాసి ఉంది. ఆయన నోట్లో తిరిగి వచ్చిన దూది మాత్రం పెళ్లికొడుకు పంచెలా తెల్లగా మెరుస్తోంది.

"చూసినవా?" ఉపేందర్ బల్ల మీద చరిచాడు. "కొత్త పుల్ల! నా రిపోర్టుల గదే రాసిన."

శోభ పుల్లని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకొకటి తీసి వాసన చూసింది. తర్వాత ఒక కొత్త పుల్ల ప్యాకెట్ చింపి అదీ చూసింది. భోజనాల బంతిలో కూరలు రుచి చూసే పెద్దమనిషిలా తల పంకించింది.

"కొత్త దానికి వాసన లేదు. గీ ఇరవై నాలుగిటికి నిమ్మకాయ వాసనొస్తుంది. తొమ్మిదో నంబర్ను జర భూతద్దం కింద పెట్టి చూడు అన్నా. దూదికీ పుల్లకీ అతుకు కాడ."

ఉపేందర్ చూశాడు. చాలాసేపు చూశాడు. దూది మొదట్లో, జిగురు వేసి అతికించిన చోట, వెంట్రుకంత సన్నటి గోధుమరంగు గీత ఉంది.

"తంబాకు," అంది శోభ. "పుల్లలు మారలే. గివి గవే. ఎవలో కడిగిండ్రు."

"కడుగుడా?" అరవింద్ కళ్లజోడు తీసేశాడు. "ఎందుకండీ కడుగుతారు? బుగ్గ లోపలి కణాలన్నీ నీళ్లలో పోవూ?"

"పోయినయ్ గద. గందుకే సున్నాలు."

"గీ పిల్లే కడిగి ఉంటది," అన్నాడు ఉపేందర్ వెంటనే. మాట మార్చడంలో అతని వేగానికి ఔటర్ రింగ్ రోడ్డు మీద కెమెరాలు కూడా ఫోటో తీయలేవు.

శోభ అట్టపెట్టెని వెలుతురులోకి వంచింది. మూల నుంచి ఒక చీమ బయటికి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. వెనకాల వాళ్ల చుట్టపక్కాలందరూ. మూలలో నాలుగు శక్కర పలుకులు మెరిశాయి.

"ఇక్కడికి తిండి రానివ్వమండి," అన్నాడు అరవింద్ కంగారుగా. "పెరుగన్నమే బయటికి తీసుకుపోతాను. పంచదార ఎలా వచ్చింది?"

శోభ మొహంలో నవ్వు మెల్లగా, చెంచా మీంచి జారే తేనెలా పాకింది.

"సార్, మీ ఇంటికి పక్కింటోళ్లు గిన్నెల కూర పంపితె, మీరు గిన్నె ఎట్ల వాపస్ ఇస్తరు?"

"కడిగి ఇస్తామండి. ఉత్త గిన్నె ఇవ్వకూడదని ఏదో ఒకటి వేసి..." అరవింద్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"జీపు తియ్యి ఉపేందరన్నా," అంది శోభ. "దావత్‌కు పోదాం."

పన్నెండు యాభైకి నలుగురూ సత్తెమ్మ ఇంటి ముందు దిగారు. ఉపేందర్ జీపు హారన్‌ని అవసరానికంటే పదహారు రెట్లు ఎక్కువ కొట్టాడు. కోళ్లు గోడ దూకాయి. సత్తెమ్మ, ఆమె మొగుడు జంగయ్య వాకిట్లోకి వచ్చారు. సత్తెమ్మకి అరవై దాటి ఉంటాయి. చీర కొంగు నడుముకి దోపి ఉంది. గడపా, అరుగూ, చెంబూ, తపేలా, ఆ వాకిట్లో మెరవనిది జంగయ్య ఒక్కడే.

"నిన్న ఈ పిల్ల పెట్టిన పుల్లలు ఎవలు ముట్టిండ్రు?" ఉపేందర్ దిగుతూనే గర్జించాడు. "నిజం చెప్పకుంటె పోలీసులొస్తరు!"

శోభ కళ్లు మూసుకుంది. కేసు అరచేతిలో పెట్టుకుని వస్తే, ఈ మనిషి ఆ అరచేతి మీద కొట్టాడు. సత్తెమ్మ పెదవులు బిగుసుకున్నాయి.

"ఎవ్వలు ముట్టలే," అంది.

"ఎవ్వలు ముట్టలే," అన్నాడు జంగయ్య. "నేను గీ బిడ్డకు మా బోరు సంగతి చెప్పుకుంట కూసున్న. మూడు నూర్ల ఫీట్లకు బండొచ్చింది, ఆడికెళ్లి..."

"గది నిజం," అంది మాధవీలత. "నాలుగు నూర్ల ఇరవై ఫీట్లదాక చెప్పిండు బాపు. గప్పుడు టైం ఒకటిన్నర."

శోభ వంటింట్లోకి నడిచింది. తూర్పు గోడకి కిటికీ. కిటికీ గట్టు మీద ఎండ పడటం లేదు, మధ్యాహ్నం ఒంటిగంటకి అక్కడ నీడే. నిన్న మాధవీలత అన్నం తిన్న ముందు గదిలోంచి ఇది కనబడదు. కిటికీ పక్కనే గిన్నెలు తోమే తొట్టి, తొట్టి అంచున నిమ్మకాయ బొమ్మ ఉన్న ఆకుపచ్చ సబ్బు. వెనక తలుపు తీస్తే ఆరడుగుల ఎత్తులో గొడ్ల కొట్టం రేకులు. శోభ రేకు మీద వేలు పెట్టి చటుక్కున తీసేసింది. మే నెల ఎండకి ఆ రేకుల మీద అప్పడం కాదు, అప్పడాల కంపెనీయే వేగుతుంది.

"మాధవీ, నిన్న కవర్లల్ల పెట్టేటప్పుడు పుల్లలు ఎట్లుండె?"

"మంచిగ ఆరినయి అక్కా. గంత మంచిగ ఎప్పుడు ఆరలే. కరకర అన్నయి."

నీడలో పెట్టిన దూది యాభై నిమిషాల్లో కరకరలాడదు. అది మాధవీలతకి నిన్నే తట్టాల్సింది. నాలుగు వందల ఇరవై అడుగుల బోరు విన్నాక ఎవరికీ ఏదీ తట్టదు.

శోభ తిరిగి వాకిట్లోకి వచ్చింది. జేబులోంచి తొమ్మిదో నంబరు పుల్ల తీసి, సత్తెమ్మకి వినబడేటట్టు ఉపేందర్‌తో అంది.

"నువ్వు చెప్పిందే నిజమన్నా. పెద్దమ్మ కాదు కడిగింది. గింత ఆగమాగం కడుగుడు పెద్దమ్మ చేతిది కాదు. గీ మరక చూడు. సబ్బు పెట్టలే, సక్కగ జాడియ్యలే. ఎవలో చేతగాని మనిషి..."

"ఎవలే చేతగానిది?"

జీపు హారన్ కంటే పెద్దగా వచ్చింది సత్తెమ్మ గొంతు. గోడ దూకిన కోళ్లు ఇంకో గోడ కూడా దూకాయి.

"మూడు నీళ్లల్ల కడిగిన! ఒక్కొక్క పుల్లకు మూడు నీళ్లు! ఒకని ఎంగిలి ఒకనికి కలవొద్దని ఇరవై నాలుగు సార్లు చేతులు కడుక్కున్న. ఏ బొక్కలది ఆ బొక్కల్నే పెట్టిన. రేకుల మీద ఆరవెట్టి కాకులు రాకుంట కావలి గూడ ఉన్న. గా బుచ్చిగానిది ఎంత రుద్దినా పోకపాయె, గది నా తప్పా? వాని నోరు అసుంటిది!"

సత్తెమ్మ చెయ్యి మెల్లగా నోటి మీదికి వెళ్లింది.

"ఎందుకు కడిగినవ్ పెద్దమ్మా?" శోభ ఆమె పక్కన అరుగు మీద కూర్చుంది.

"మా ఇంట్ల వాడిన సామాను కడగకుంట వాపస్ ఎట్ల పంపుత బిడ్డా? సిగ్గు కాదా? ఊరందరి ఎంగిలి డబ్బలేసుకొని గీ పిల్ల దేశం మీద తిరుగుతది, సత్తెమ్మ ఇంటికెళ్లి వచ్చిందని చెప్తది. అన్నానికి కూసున్నంక కడిగిన. చెప్తె వద్దంటదని చెప్పలే. ఉత్త డబ్బ పంపొద్దని జరంత శక్కరేసిన." ఆమె మాధవీలత వైపు చూసింది. "తప్పాయెనా బిడ్డా?"

మాధవీలత నవ్విందో ఏడ్చిందో చెప్పడం కష్టం. రెండూ చేసిందనుకుంటే ఇబ్బంది లేదు.

"సార్, కేసు..." అంటూ శోభ అరవింద్ వైపు తిరిగింది.

"కాలేదు," అన్నాడు ఉపేందర్. "ముసలమ్మ మంచి మాటకారి. గీ పిల్లకు అన్నం పెట్టిన మనిషి. పిల్లను కాపాడనీకి చెప్పదా? కడిగితె సున్నా వస్తదని రుజువేది? ల్యాబు బోర్డోళ్ల ముంగట శక్కర పలుకులు పెడ్తరా సార్?"

అరవింద్ నుదురు రుద్దుకున్నాడు. "ఆయన అన్నదాంట్లో పాయింట్ ఉందండి. ఒకే మనిషివి రెండు పుల్లలు కావాలి. ఒకటి ఈవిడ నిన్నటిలాగే కడగాలి, ఒకటి కడక్కూడదు. కడిగినదానికి సున్నా, కడగనిదానికి డీఎన్ఏ వస్తే అదే రుజువు."

"నేనిస్త," అన్నాడు జంగయ్య.

"నువ్వు వద్దు. ఊరోళ్లెవలూ వద్దు," అన్నాడు ఉపేందర్. "బయటి మనిషి కావాలె."

"అయితె నా బుగ్గలున్నయి!" శోభ రెండు బుగ్గలూ వేళ్లతో పొడుచుకుని చూపించింది. "ఒకటి కడగనీకి, ఒకటి ఉంచనీకి. శోభ బుగ్గల మీద ఏ బోర్డు అనుమానపడ్తదో చూస్త."

మాధవీలత రెండు కొత్త పుల్లలు తీసింది. శోభ వాటి పొడవు చూసింది. ఇంకోసారి చూసింది. ఒక్కో పుల్ల పొడవు జానెడు.

"నేనే తీసుకుంట," అంది చప్పున. "ఎవలికి వాళ్లు తీసుకోవచ్చు గద?"

"తీసుకోవచ్చక్కా. ఒక్కో బుగ్గకు అర నిమిషం, గట్టిగ రుద్దు. ఏం నొప్పుండదు."

"మేం చూస్తం," అన్నాడు ఉపేందర్.

"ఆడమనిషి నోరు తెరిస్తె చూస్తవా? అక్కచెల్లెండ్లు లేరా నీకు?"

శోభ మంచినీళ్ల బిందె ఉన్న మూలకి వెళ్లి, గోడవైపు తిరిగింది. నిమిషం తర్వాత రెండు తడి పుల్లలతో తిరిగి వచ్చింది. ఒకటి సత్తెమ్మ తీసుకుని, మూడు నీళ్లలో కడిగి, రేకుల మీద ఆరబెట్టింది. కడుగుతూ కడుగుతూ మధ్యలో ఒకసారి ఆగి, పుల్లని రెండు వేళ్ల మధ్య పట్టుకుని రుద్ది, శోభ వైపు చూసింది. ఏమీ అనలేదు. ఆరిన తర్వాత రెండూ రెండు కవర్లలోకి వెళ్లాయి. సీలు మీద ఉపేందర్ స్వయంగా సంతకం పెట్టాడు. ఒకటి కాదు, నాలుగు.

జీపు కదులుతుంటే సత్తెమ్మ చెప్పులేసుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది.

"నేను కడిగినదానికి పిల్ల నౌకరి పోతదా? నేను గూడ వస్త. ఏం తేలుతదో నా కండ్లతోని చూస్త."

మూడుంబావుకి ల్యాబులో పని మొదలైంది. గాజు గోడకి అవతల మాధవీలత. ఇవతల మిగతా నలుగురు. ఉపేందర్ ముక్కు గాజుకి ఎంతలా ఆనించాడంటే, తర్వాత తుడవడానికి మనిషిని పెట్టాలి.

దూది సగానికి కత్తిరించి, వేలంత గొట్టాల్లో వేసింది. కణాల్ని పగలగొట్టే ద్రవం పోసింది. యాభై ఆరు డిగ్రీల వేడి మీద గంట పెట్టింది. తర్వాత ఒక్కో ద్రవం పోస్తూ, గిరగిర తిప్పుతూ, వడగడుతూ పోయింది. ప్రతి అడుగుకీ నోటు పుస్తకంలో టైము రాసుకుంది.

"వంట లెక్కనే ఉంది," అంది సత్తెమ్మ మెచ్చుకోలుగా. "కడుగుడు మస్తుగ కడుగుతది. నా లెక్కనే."

అయిదూ ముప్పై ఎనిమిదికి మాధవీలత మిషన్ ముందు కూర్చుంది. కడిగిన పుల్ల గొట్టం పెట్టింది.

సున్నా.

శోభ ఉపేందర్‌కి సెల్యూట్ కొట్టింది. జేబులోంచి బిల్లు పుస్తకం తీయబోయింది.

కడగని పుల్ల గొట్టం పెట్టింది.

సున్నా.

మాధవీలత మిషన్ తుడిచి మళ్లీ పెట్టింది. మళ్లీ సున్నా.

"చూసిండ్రా సార్?" ఉపేందర్ గొంతులో పండగ వినిపించింది. "కడిగినా సున్నా, కడగకున్నా సున్నా. అంటె సున్నాలకు కారణం కడుగుడు కాదు. గీ పిల్ల చెయ్యి! సీలు నేనేసిన. కవర్లు నేను పట్టుకొచ్చిన. పుల్లలు మంచిగున్నయి. లోపల్నే ఏందో చేస్తుంది."

అరవింద్ గోడ గడియారం చూశాడు. అయిదూ నలభై నాలుగు. ఇంకోసారి మొదట్నుంచి చెయ్యడానికి రెండు గంటలు కావాలి. ఉన్నది పదహారు నిమిషాలు. జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పాడు. పెన్ను క్యాపు ఊడదీశాడు. మాధవీలత బయటికి వచ్చి, గ్లవ్స్ ఒక్కో వేలూ విడదీసి తీసి, చెత్త డబ్బాలో వేసింది.

"అంతా పద్ధతి ప్రకారమే చేసిన సార్. ఏడ తప్పయిందో నాకు తెలుస్తలేదు," అంది.

శోభ చెప్పుల వైపు చూసుకుంటోంది. నాలుగేళ్లలో ఆమె చెప్పుల్ని ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

"ఆగు సారూ," అంది సత్తెమ్మ.

అందరూ తిరిగారు.

"నాకు సదువు రాదు. గీ మిషన్ తెల్వదు. గని ఎంగిలంటె నాకు ఎరుకే. నిన్న ఇరవై నాలుగు పుల్లలు కడిగిన. ఒక్కొక్కటి జిగట జిగట. ఇందాక మా ఇంట్ల గీ బిడ్డ పుల్ల కడుగుదమని పట్టుకున్న. జిగటే లేదు." ఆమె శోభ వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "గది ఎంగిలి కాదు. మా బిందెల నీళ్లు."

అరవింద్ పెన్ను కాగితం మీంచి లేపాడు.

"గప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు అరవింద్.

"ఇంటికొచ్చిన ఆడబిడ్డ సారూ. పదిమందిల ఇజ్జత్ తీస్తమా? ఏమో, గీమెకు గట్లనే ఉంటదేమో అనుకున్న."

"నీళ్లేంది పెద్దమ్మా!" శోభ నవ్వబోయింది. "నా ఎంగిలి కొద్దిగ పల్చగుంటది. మా వంశంల అందరికీ..."

"శోభా." ఉపేందర్ గాజు వదిలేసి దగ్గరికి వచ్చాడు. "నా సంతకాలు నాలుగున్నయి దాని మీద."

శోభ మాధవీలత వైపు చూసింది. చూడకుండా ఉండాల్సింది. ఆ అమ్మాయి ఇంకా కోపం కూడా తెచ్చుకోలేదు. పాఠం అర్థం కాని పిల్లలా నోటు పుస్తకం తిరగేస్తూ, తన తప్పు ఎక్కడుందో వెతుక్కుంటోంది.

"నీ పుస్తకంల లేదు మాధవీ. మూసెయ్," అంది శోభ. "ముంచిన. రెండు పుల్లలూ బిందెల నీళ్ల లోటల ముంచిన. బుగ్గ దాక పోలే. పెదవి గూడ ముట్టలే."

"కానీ ఎందుకండీ?" అరవింద్ పెన్ను గాల్లోనే ఉండిపోయింది.

"నోట్ల ఏదన్న పెడితె నాకు పాణం పోతది సార్. పండ్ల డాక్టర్ కాడికెళ్లి మూడుసార్లు ఉరికిన. రెండోసారి పక్కనున్న నర్సును గూడ గుంజుకపోయిన. మూడోసారి కుర్చీతోని సహా పోయిన, లిఫ్టుల పట్టలే, గందుకే దొరికిన. గా పుల్ల జానెడు పొడుగుంది. ఊరు ముంగట నా బుగ్గలున్నయని అన్నంక భయమని ఎట్ల చెప్పాలె? ఒక పుల్లకు వస్తది, ఒకదానికి రాదు, ఎట్లనో గట్ల అయిపోతదనుకున్న. రెండూ నీళ్లే అయినయ్. తప్పు నాది. రాసిస్త. ఏడ సంతకం పెట్టాలె?"

అరవింద్ భుజాలు మెల్లగా కదిలాయి. ఆయన నవ్వడం ఆ ల్యాబు ఇదే మొదటిసారి చూస్తోంది.

"అయితే సున్నాయే కరెక్టండి," అన్నాడు. "నీళ్లలో డీఎన్ఏ ఉండదు. ఉపేందర్ గారూ, ఈ అమ్మాయి మోసం చేసేదే అయితే రెండో గొట్టంలో ఏదో ఒక నంబరు తెప్పించుకునేది. కళ్లముందు కంప్లయింటు కాగితం పెట్టుకుని కూడా, నీళ్లని నీళ్లనే చూపించింది."

ఉపేందర్ ఏదో అనబోయాడు. సీలు మీది తన నాలుగు సంతకాలూ గుర్తొచ్చినట్టున్నాయి, నోరు మూసుకున్నాడు. అరవింద్ పెన్నుకి క్యాపు పెట్టాడు. కంప్లయింటు కాగితాన్ని తిరగేసి, తెల్లగా ఉన్న వెనక వైపు శోభ ముందు పెట్టాడు.

"రాయండి. బోర్డుకి పంపాలి. రేపు ఇరవై నాలుగు మందివీ మళ్లీ తీసుకుందాం. కడగని పుల్లకి డీఎన్ఏ వస్తుందని చూపడానికి ఈ పూటకి మీదొక్కటి చాలు."

"నాదా? రాసిస్తున్న గద సార్!"

మాధవీలత అప్పటికే కొత్త ప్యాకెట్ చింపింది. పొద్దున్నుంచీ మొదటిసారి ఆమె కళ్లలో అల్లరి మెరిసింది.

"కూసో అక్కా. ఏం నొప్పుండదు."

శోభ తలుపు వైపు చూసింది. తలుపుకి అడ్డంగా, కొంగు నడుముకి దోపి, సత్తెమ్మ నిలబడి ఉంది. శోభ కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుంది.

"ఇంకోటి గూడ ఒప్పుకుంట," అంది కళ్లు మూసుకుని. "పొద్దుగాల్టి సంది చెప్పిన దాంట్ల గిదొక్కటే నిజం పెద్దమ్మా. బుచ్చయ్య పుల్ల మీది మరక నిజంగనే పోలే."

"నోరు తెరువు," అంది సత్తెమ్మ.